పేరున్న చెట్టుకు పక్క చెట్టు

కీర్తిప్రతిష్ఠలంత మంచివి లోకంలో లేవు. అయితే అవి మనకు కాదు, మన పక్కవాడికి ఉండాలి!

నమ్మరా? మణుగూరులో ఓ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే కోటేష్‌ను అడగండి. అక్కడి అడవిలో వాగు ఒడ్డున కొన్ని జీలుగు చెట్లున్నాయి. వాటి కల్లుకు ఎంత పేరంటే, ఆదివారం వస్తే హైదరాబాదు కార్లు బారులు తీరతాయి. గ్లాసుకు గంట నిరీక్షణ. ధర వింటే తాగకముందే తల తిరుగుతుంది. సెల్ఫీ మాత్రం ఉచితం.

కోటేష్ అటు తొంగి కూడా చూసేవాడు కాదు. అదే వాగు, అదే మన్ను, వంద అడుగుల అవతల కోయగూడెం జంపయ్య చెట్టు! పాలలాంటి తెలుపు, లేత కొబ్బరినీళ్ల తీపి, చివర్న నాలుక మీద చిన్న చురుకు. పేరు లేదు కాబట్టి ధరా లేదు. జంపయ్య భార్య ముత్తక్క ఆకుదొప్పలోకి వంచుతుంటే కోటేష్ కళ్లు మూసుకుని తాగేవాడు. ఆ గంటసేపు అతను తన ఆఫీసరుకే ఆఫీసరు.

ఇంత తెలివి కడుపులో దాచుకుంటే పాపం కాదూ? కోటేష్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో లొకేషన్ పెట్టాడు. "పేరున్న చెట్టు వద్దు, పక్క చెట్టే ముద్దు" అని ఓ సూక్తి కూడా జోడించాడు. ఎవరో ఫార్వర్డ్ చేశారు, ఇంకెవరో రీలు తీశారు.

నెల తిరిగేసరికి పక్క చెట్టుకూ పేరొచ్చింది. అభివృద్ధి అంటే ఇదే కదండీ! కార్లొచ్చాయి. లైనొచ్చింది. ఓ కాంట్రాక్టరొచ్చి, జంపయ్యకు అడ్వాన్సిచ్చి, సీజను కల్లంతా రాయించుకున్నాడు. చెట్టెక్కేది జంపయ్యే. కుండ కిందికి దిగితే కాంట్రాక్టరుది.

ఆ ఆదివారం కోటేష్ కూడా బుద్ధిగా లైనులో నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే, ఖాళీ సొరబుర్ర పట్టుకుని ముత్తక్క!

"నువ్వేందక్కా లైన్ల?"

"రేపు మా కొత్తల పండుగ సారూ. కొత్త పంట ముట్టేముందు, పోయిన పెద్దలకు మా చెట్టు కల్లే పొయ్యాలె. కాయితం మీద ఏలిముద్ర ఏసేటప్పుడు ఒక్క బుర్ర మాకు ఆపుకోవాలని మా ఆయనకు మతికి రాలే. గీ కాంట్రాక్టరును అడిగితే లైన్ల నిలవడమన్నడు."

కోటేష్‌కు తల కొట్టేసినట్టయింది. "నువ్వు ముందుకు రా అక్కా" అని తన చోటు ఇచ్చాడు. ఆమె ముందు ఇక ఒక్కడే ఉన్నాడు, నల్లద్దాల యువకుడు. అతని బాటిల్ నిండింది, కుండ ఖాళీ అయింది.

"ఖతం! సాయంత్రం కుండ కూడా బుక్కయింది" అని కాంట్రాక్టరు చేతులు దులుపుకున్నాడు.

ముత్తక్క కదల్లేదు. యువకుడికి జాలేసింది.

"అయ్యో, మిస్సయ్యారా ఆంటీ! ఇది సూపర్ సీక్రెట్ ప్లేస్ కదా, మీకెవరు చెప్పారు?"

ముత్తక్క చెట్టు మీదున్న మొగుణ్ని చూసింది. కోటేష్‌ను చూసింది.

"ఈ సారే చెప్పిండు బాబూ. లేకుంటే మాకేం ఎరుక!"