అధ్యక్షురాలి కుర్చీ

ఆ రోజు ఉదయం వడ్రంగి మేస్త్రి వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి ఇంట్లో బయలుదేరాలి. తొమ్మిదిన్నరకు రవాణా ఆఫీసులో వ్యాన్‌కు బిగించిన ఊదుడు యంత్రాన్ని పీకించుకోవాలి. పదిన్నరకల్లా అత్తగారి సభకు కుర్చీ చేర్చాలి. ఇందులో తేడా రావడానికి ఏముందని అతను అనుకున్నాడు. అలా అనుకున్నవాళ్లకే వస్తుంది.

యంత్రం సంగతి కొంచెం చెప్పాలి. ఏడాది క్రితం బావమరిదికి ఉద్యోగం వచ్చిన సంబరంలో మూడు గ్లాసులు పట్టించి, వ్యాన్ నడుపుతూ మేస్త్రి పట్టుబడ్డాడు. ఆరు నెలలు లైసెన్సు పోయింది. ఆ తర్వాతి ఆరు నెలలకు కోర్టు ఈ యంత్రాన్ని తగిలించింది. గొట్టంలో ఊది, ఊపిరిలో మద్యం లేదని తేలితేనే బండి కదులుతుంది. ఊదినవాళ్ల ఫోటో తీసి, మద్యం ఎంతుందో చెప్పే అంకెతో సహా అది ఆఫీసుకు పంపుతుంది. ఒక్కసారి ఎర్రదీపం వెలిగినా మళ్లీ మొదటినుంచి ఆరు నెలలు. తలుపులు, కిటికీలు చేయించుకునే పెద్దమనుషుల ఎదుట పిల్లాడు బూర ఊదినట్టు ఊది బండి తీయడంలో ఉన్న అవమానం అతనికే తెలుసు. ఈ ఆరు నెలలూ చుక్క ముట్టలేదు. దగ్గుమందు కూడా మానేసి దగ్గుతూనే గడిపాడు.

ఇక అత్తగారు. ఆవిడ మద్యపాన వ్యతిరేక సంఘానికి కొత్త అధ్యక్షురాలు. అల్లుడు పట్టుబడిన నాటి నుంచి ఆ వ్యాన్ ఎక్కడం మానేసి, గొడుగు పట్టుకుని బస్సుల్లో తిరుగుతోంది. ఆవిడ మనసు కరిగించడానికి మేస్త్రి మంచి టేకుతో అధ్యక్షురాలి కుర్చీ చేశాడు. తెల్లవారుజామున లేచి స్పిరిట్ పాలిష్ చివరి పూత వేశాడు. తడి పాలిష్‌కు దుమ్ము పడదు. వ్యాన్ వెనక భాగం నిండా రంపపు పొట్టు. అందుకని కుర్చీని ముందు సీట్ల వెనకున్న ఖాళీలో పెట్టి, అద్దాలన్నీ గట్టిగా బిగించాడు. పనిమీద ప్రేమ ఉన్న వడ్రంగి ఎవరైనా అదే చేస్తాడు.

తొమ్మిదింటికి ఎక్కి ఊదాడు. ఎర్రదీపం వెలిగింది.

తాగలేదని మేస్త్రికి తెలుసు. కానీ ఏడాదిగా అందరూ తనను చూస్తున్న చూపుకు, నిద్రలో గాని తాగానా అన్న అనుమానం కూడా వచ్చింది. భార్యను పిలిచాడు. ఆవిడ అతని నోటి దగ్గర వాసన చూసి ఏమీ లేదని తేల్చింది. యంత్రం చెడిందేమో చూద్దామని తానే ఎక్కి, తలుపు వేసుకుని ఊదింది. మళ్లీ ఎర్రదీపమే. ఆ ఇంట్లో పాలిష్ వాసన గాలితో సమానం. ఇద్దరి ముక్కులూ దాన్ని పట్టించుకోవడం మానేసి ఏళ్లయింది.

సరిగ్గా అప్పుడే, కుర్చీ ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని అత్తగారు బస్సు దిగి వచ్చింది. విషయం విని, మళ్లీ తాగావా అని అడగలేదు. అడిగినా బాగుండును, నిట్టూర్చి ఊరుకుంది. యంత్రం చెడిందని కూతురు ఎంత చెప్పినా నమ్మలేదు.

"తప్పు యంత్రానిదో మీదో ఇప్పుడే తేలుస్తాను" అని ఎక్కి కూర్చుంది. వారం నుంచి ఆవిడకు జలుబు. ముక్కు ఉందన్న మాటే గాని పనిచేయడం లేదు. గుండెల నిండా గాలి పీల్చి ఊదింది. ఎర్రదీపం వెలిగింది. వరసగా మూడోసారి కావడంతో హారన్ కూడా అందుకుంది. దాన్ని ఆపే మార్గం ఎవరికీ తెలియదు. అది తనంతట తాను అలిసి ఆగేలోపు వీధి మొత్తం బయటికి వచ్చి, గొట్టం చేత పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చున్న అధ్యక్షురాలిని కళ్లారా చూసింది.

ఆఫీసు రెండు వీధుల అవతలే. బండి కదలదు గనక నెట్టుకుంటూ వెళ్లారు. భార్య స్టీరింగ్ పట్టుకుంది, మేస్త్రి వెనక నుంచి నెట్టాడు, అత్తగారు పక్కన నడుస్తూ ఎదురుపడ్డ ప్రతివారికీ తాను తాగలేదని చెబుతూ వచ్చింది. అడగనివాళ్లకు కూడా చెప్పడంతో అనుమానం ఇంకాస్త పెరిగింది.

ఆఫీసులో అధికారి కంప్యూటర్‌ను ఇటు తిప్పి మూడు ఫోటోలూ చూపించాడు. అందరికంటే పెద్ద అంకె అత్తగారిది. ఇంటిల్లిపాదీ పొద్దున్నే మొదలుపెడతారా అని మర్యాదగానే అడిగి, మరో ఆరు నెలల కాగితం మీద సంతకం పెట్టబోయాడు. గొట్టం ఊదడం మేస్త్రికి ఎలాగో అలవాటైంది. కానీ తాగుడు మానేశానంటే ఈ జన్మలో ఇక ఎవరూ నమ్మరు. ఆ దిగులుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ నీళ్లు అత్తగారు చూసింది.

"సంతకం ఆపండి. నేను తాగకుండానే ఎర్రగా వెలిగిందంటే, మా అల్లుడికీ అలాగే వెలిగి ఉంటుంది. మీరొచ్చి ఊదండి."

"డ్యూటీలో ఉన్నానండీ."

"తాగమనలేదు కదా. ఊదమన్నాను."

వరసలో నిలబడ్డ జనమంతా ఇటు తిరిగారు. వెళ్లకపోతే పరువు పోయేలా ఉందని అధికారి నవ్వుతూ వ్యాన్ ఎక్కాడు. అందరూ తొంగి చూస్తుంటే సిగ్గేసి తలుపు వేసుకుని ఊదాడు. ఎర్రదీపం వెలిగింది, హారన్ మోగింది. కంగారులో వెనక్కి చెయ్యి ఆనించాడు. చెయ్యి కుర్చీకి అతుక్కుంది.

దిగి వచ్చిన ఆయన అరచేతిని మేస్త్రి చూశాడు. చూసి, అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు.

"పాలిష్‌లో స్పిరిట్ ఉంటుందండీ, ఆ ఆవిరే యంత్రానికి తగిలింది. దుమ్ము పడకూడదని అద్దాలు బిగించింది నేనే."

తలుపులు తెరిచారు, కుర్చీని దించారు, అరగంట ఆగారు. మేస్త్రి ఊదాడు. పచ్చదీపం, సున్నా. భార్యకు సున్నా. అత్తగారికి సున్నా వచ్చేసరికి జనం చప్పట్లు కొట్టారు. అధికారి ఆ కాగితం చింపేసి, తప్పు మనుషులదీ కాదు, యంత్రానిదీ కాదు, కుర్చీది అని రాసి, యంత్రాన్ని ఊడదీయించాడు. మేస్త్రి ఏడాది తర్వాత మొదటిసారి ఏమీ ఊదకుండా తాళం తిప్పాడు. ఆ ఇంజన్ చప్పుడు అతనికి ఎంత ఆనందం ఇచ్చిందో చెప్పలేం. అత్తగారు కూతుర్ని మధ్యలోకి జరిపి ముందు సీట్లో కూర్చుంది.

"పోనీ అబ్బాయీ" అంది.

సభకు గంట ఆలస్యంగా చేరి, అరచేతి ముద్ర పడిన కుర్చీలో దర్జాగా కూర్చుని, తొలి ఉపన్యాసమంతా అల్లుడి గొప్పతనం మీదే ఇచ్చింది.

ముగ్గురి పేర్లూ కొట్టేసే హడావిడిలో అధికారి తన ఫోటో సంగతి మరిచాడు. మర్నాడు పై ఆఫీసు నుంచి ఆయనకు వచ్చిన కాగితంలో, పట్టుబడటం ఇదే మొదటిసారి గనక ఆరు నెలల ఊదుడు యంత్రంతో సరిపెడుతున్నామని ఉంది.