పాపమ్మ ఏడు మునకలు

ఇందుమూలముగా విశ్వాసులందరికీ తెలియజేయునది ఏమనగా, వచ్చే నెల రెండో ఆదివారం నుండి మన మందిరంలో ఇచ్చు బాప్తిస్మములు నీటి లోపలి నుండి ఫోటో తీయబడును. ఆ ఫోటో అంటించిన సర్టిఫికెట్టే చెల్లును. ఫోటో లేని బాప్తిస్మం దేవుని ఎదుట చెల్లవచ్చును గాని కమిటీ ఎదుట చెల్లదు.

నాచారం ఏడో గల్లీ ప్రార్థన మందిరం గోడ మీద ఈ నోటీసు చూసి సంఘంలో ఆశ్చర్యపోయినవాళ్ళు లేరు. కేకు నోట్లో పెట్టుకునే ముందు ఫోటో, దవాఖానాలో సెలైన్ ఎక్కించుకుంటూ ఫోటో, కొత్త ఫ్రిజ్ పక్కన ఇంటిల్లిపాదీ ఫోటో. ఇన్నింటి మధ్య పాపాలు కడుక్కునే ఘడియ ఒక్కటే ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడకుండా పోయిందే అని కొందరు నొచ్చుకున్నారు కూడా.

భయపడింది పాపమ్మ ఒక్కతే.

పాపమ్మకు అరవై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకుని నలభై ఐదేళ్ళ కిందట ఈ మందిరంలో అడుగుపెట్టింది. ఆమె వినని ప్రసంగం లేదు, తుడవని బెంచీ లేదు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. చిన్నప్పుడు మోటబావిలో పడితే జుట్టు పట్టి పైకి లాగారు. ఆనాటి నుంచీ చెంబుతో నీళ్ళు పోసుకోవాలన్నా ముందు కండ్లు గట్టిగా మూసుకుంటుంది. బాప్తిస్మపు తొట్టిలో తల ముంచడం ఆమె వల్ల కాలేదు. పెనిమిటి ఏలియా కూడా "తొందరేమున్నది తీ" అంటూనే కాలం గడిపి, నాలుగేళ్ళ కింద తానే తొందరపడి వెళ్ళిపోయాడు.

సంఘపు సమాధుల తోటలో ఏలియా పక్కన సరిగ్గా ఒక మనిషికి సరిపోయే చోటు ఉంది. నియమం ప్రకారం అది బాప్తిస్మం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే ఇస్తారు. పట్నంలో బతికున్నవాళ్ళకే జాగా దొరకని రోజులు. పోయినవాళ్ళ పక్క జాగాకు ఎంత గిరాకీ ఉంటుందో చదువరులకు వేరే చెప్పనక్కర లేదు. ఆ చోటు మీద ఇద్దరు పెద్దమనుషుల కన్ను పడిందని, వాళ్ళిద్దరికీ ఆరోగ్యం అంత బాగా లేదని తెలిసిన రోజున పాపమ్మ గుండె రాయి చేసుకుని బాప్తిస్మానికి పేరు ఇచ్చింది. ఇచ్చిన మూడో రోజున నోటీసు పడింది.

ఈ పురోగతి అంతటికీ మూలం బెన్నీ. ఉప్పల్ చౌరస్తా దగ్గర ఆయనకొక స్టూడియో ఉంది. పెళ్ళికి ముందు జంటలు నీళ్ళలో మునిగి ఫోటోలు దిగే కాలం వచ్చింది గనుక, కెమెరాకు తొడిగే ఒక డబ్బా కొన్నాడు. గట్టి ప్లాస్టిక్ డబ్బా, ముందు అద్దం, మూత చుట్టూ సన్నటి రబ్బరు రింగు. ఆ రింగు మీద దుమ్ము గానీ వెంట్రుక గానీ ఉండకుండా తుడిచి మూస్తే చుక్క నీరు లోపలికి పోదు. అది తెచ్చి కమిటీ ముందు పెట్టాడు.

కమిటీ ఏ వస్తువునూ ఊరికే నమ్మదు. బెన్నీ కెమెరా తీసేసి, ఖాళీ డబ్బాలో ఒక టిష్యూ కాగితం పెట్టి బక్కెట్లో అరగంట ముంచాడు. తీసి చూస్తే కాగితం పొడిగా ఉంది. బైబిల్లో నేలంతా తడిసినా గిద్యోను పరిచిన గొర్రెబొచ్చు ఒక్కటే పొడిగా ఉండిన సంగతి సెక్రెటరీ ఎబినేజర్‌కు వెంటనే గుర్తొచ్చింది. ఆయన కంటి నీరు తుడుచుకోవడానికి అదే కాగితం వాడారు. తీర్మానం ఏకగ్రీవం.

తరువాత సూచనలు ఒక్కొక్కటే వెలువడ్డాయి. నీటిలో కండ్లు తెరిచి ఉండవలెను. చేతులు జోడించి ఉండవలెను. ముఖమున సమాధానం, అనగా శాంతి, కనబడవలెను. బుడగలు విడువరాదు. బుడగలు ఫోటోలో ముఖానికి అడ్డం వస్తాయని బెన్నీ చెప్పాడు. లోపల మిగిలిన పాపమే బుడగలై వస్తుందని కమిటీలో ఒక పెద్దాయన వివరణ ఇచ్చారు. ఆ వివరణ బెన్నీ మాటకంటే త్వరగా గల్లీ అంతా పాకింది.

డబ్బా లోపల అద్దానికి ఆవిరి పట్టకుండా, చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు కావాలన్నాడు బెన్నీ. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తెల్ల పొట్లాలు. ఆ ఆదివారం కానుకల సంచి పొట్లాలతో నిండింది. ఒక్కో దానిమీద "తినరాదు" అని రాసి ఉంది. రెండు పొట్లాలు చాలని బెన్నీ అన్నా కమిటీ వినలేదు. విశ్వాసుల అర్పణలో ఎక్కువ తక్కువలు చూడరాదని డబ్బాలో పట్టినన్ని కుక్కించింది. మిగిలినవి పాస్టరయ్య వాయించే హార్మోనియంలో వేశారు. అది అప్పటి నుంచీ మరింత పొడిగా పలుకుతోంది.

ఇంటింటా సాధన మొదలైంది. పొద్దున పని మీద పోయేవాళ్ళకు ప్రతి వాకిట్లో ఒక బక్కెట్టు, బక్కెట్టులో ఒక తల కనబడేవి. పాపమ్మకు గురువు కోడలు దోర్కా. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయే ముందు రోజూ అత్తను బక్కెట్టు ముందు కూచోబెట్టేది.

"కండ్లు తెరువు అత్తమ్మా."

"తెరిస్తే నీళ్ళు వోతయి బిడ్డా."

"పోనియ్యి. ఉత్త నీళ్ళే గద."

"మోటబావిల గూడ ఉత్త నీళ్ళే ఉండె."

"ఒక్కసారి సూడు, బక్కెట్ల నీకు నేనే కనవడ్త."

"నిన్ను సూడనీకి నీళ్ళల్ల మునుగాల్నా? పొద్దటి సంది నా ముంగటనే ఉంటివి."

పాపమ్మ తల ముంచేది, కండ్లు మూసేది, పైకి లేచేది. పదిహేను రోజుల్లో ఆమె నేర్చుకున్నదల్లా కండ్లు ఇంకా గట్టిగా మూసుకోవడం.

ఆదివారం రానే వచ్చింది. బోరు నీళ్ళు పచ్చగా ఉంటే పటిక వేశారు. పటిక ఎక్కువై పాలలా తెల్లగా అయింది. తెల్లగా అయితే ఫోటో రాదని పారబోసి, ట్యాంకరు తెప్పించారు. యేసుప్రభువు మునిగిన యొర్దాను నది కూడా బురదగానే ఉండేదని పాస్టరయ్య మెల్లగా అన్నారు. ఆ రోజుల్లో డబ్బాలు లేవు గదా అని ఎబినేజర్ జవాబిచ్చారు. అయ్యగారు మంచివారు, జవాబు దొరికిన ప్రశ్నను మళ్ళీ అడగరు.

నడుము లోతు తొట్టి. అందులో పాస్టరయ్య, బాప్తిస్మం తీసుకునే మనిషి, మూలన కండ్లకు నీటి అద్దాలు పెట్టుకుని డబ్బా పట్టుకున్న బెన్నీ. బెన్నీ లోపలికి మునిగి బొటనవేలు పైకెత్తితేనే పాస్టరయ్య మనిషిని ముంచాలి. వెనకటి కాలంలో ఈ సైగ ఆకాశం నుంచి వచ్చేదట.

మొదటి మనిషి దయాకర్. అన్నోజిగూడలో ప్లాట్లు అమ్ముతాడు. సంఘంలోని పిల్లతో పెళ్ళి కుదిరింది, సర్టిఫికెట్ కావాలి. "ముందుగాల ఒకసారి ఉత్తగ మునుగున్రి అన్నా, లైటు సూసుకుంట" అన్నాడు బెన్నీ. దయాకర్ ఉత్తగా మునిగాడు. ఏం చెప్పాలి! కండ్లు విశాలంగా, చేతులు జోడించి, తెల్లచొక్కా రెక్కల్లా విచ్చుకుని, ఒక్క బుడగ లేకుండా. పాస్టరయ్య చెయ్యెత్తి "తండ్రి యొక్కయు..." అని మొదలుపెట్టారో లేదో, బెంచీ మీద దయాకర్ ఫోను మోగింది. కొనే పార్టీ ప్లాటు చూడటానికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డదట. ఆయన తడిబట్టలతోనే బండెక్కాడు. అయ్యగారి మాట సగంలో, చెయ్యి గాలిలో ఉండిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ఫోటో చూడాలని తొట్టి చుట్టూ మూగారు. బెన్నీ డబ్బా తెరిచాడు, చూపించాడు, మెప్పు పొందాడు, ఆ తోపులాటలోనే మళ్ళీ మూశాడు. రింగు తుడవలేదు.

పాపమ్మ వంతు వచ్చింది.

ఆమె తెల్లచీర కుచ్చిళ్ళు తేలకుండా దోర్కా పద్నాలుగు పిన్నులు పెట్టింది. పాపమ్మ ఒక్కో మెట్టు దగ్గర ఆగింది. అయినా దిగింది. పాస్టరయ్య వాక్యం మొత్తం పలికి ముంచారు. ఆమె లేచింది. దక్కించుకున్నాననుకుని "స్తోత్రం" అంది.

"కండ్లు మూసినవ్ పెద్దమ్మా" అన్నాడు బెన్నీ.

రెండోసారి బుడగలు వచ్చాయి. జనంలో గుసగుసలు లేచాయి. మూడోసారి అయ్యగారి మోచెయ్యి అడ్డం పడింది. నాలుగోసారి సమాధానం కనబడలేదు. అయిదోసారి ఏమైందో బెన్నీకే తెలియదు. ఆరోసారి పాపమ్మ పైకి లేచి, తొట్టి గోడ పట్టుకుని దగ్గుతూ అంది:

"కొడకా, బాయిల వడ్డప్పుడన్న ఒక్కసారే మునిగిన."

"బైబిల్ల నయమాను కుష్ఠు పోనీకి ఏడుసార్లు మునిగిండు అక్కా" అని ఒడ్డు మీది నుంచి ఎబినేజర్ ధైర్యం చెప్పారు. ఆయన చేతిలో తువ్వాలు ఉంది.

ఏడోసారి మునిగినప్పుడు పాపమ్మకు ఏలియా పక్కన ఖాళీగా ఉన్న నేల గుర్తొచ్చింది. ఆ ఇద్దరు పెద్దమనుషులూ గుర్తొచ్చారు. అరవై ఏళ్ళ భయాన్ని పంటికింద పెట్టి కండ్లు తెరిచింది. ఎదురుగా నీటి అద్దాలు పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, బోదురుకప్పలా బెన్నీ కనబడ్డాడు. నీళ్ళలో ఏ భూతమూ లేదు. ఆమెకు నవ్వొచ్చింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఒడ్డు మీద వంగి చూస్తున్న దోర్కా "కండ్లు తెరిచింది! మా అత్తమ్మ కండ్లు తెరిచింది!" అని కేక పెట్టింది.

బెన్నీ నొక్కాడు. కెమెరా ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. పైకెత్తి చూస్తే డబ్బాలో సగానికి నీళ్ళు, నీళ్ళలో తేలుతూ పద్దెనిమిది పొట్లాలు. రింగు కింద ఒక పొడుగాటి వెంట్రుక. నీళ్ళు లోపలికి రానివ్వని ఆ డబ్బా, వచ్చిన నీళ్ళను చుక్క బయటికి పోనివ్వలేదు. తయారుచేసినవాళ్ళ పనితనాన్ని తప్పుపట్టడానికి లేదు.

కెమెరాను మూడు రోజులు బియ్యం డబ్బాలో పెట్టారు. కార్డు బతికింది. దయాకర్ ఫోటో దివ్యంగా ఉంది. పాపమ్మవి ఆరూ ఉన్నాయి. మూసిన కండ్లు, బుడగలు, మోచెయ్యి. ఏడోది తెల్లటి పొగ. యేసుప్రభువు రూపాంతరం పొందిన కొండ మీది మేఘం కూడా ఇలాగే ఉండేదని ఒక పెద్దాయన అభిప్రాయపడ్డారు గానీ, మేఘాన్ని సర్టిఫికెట్ మీద అంటించడానికి నియమం ఒప్పుకోలేదు.

బుధవారం కమిటీ కూర్చుంది. దయాకర్ సర్టిఫికెట్ మీద సంతకాలు పడ్డాయి. తరువాత దోర్కా చెయ్యి పట్టుకుని పాపమ్మ లేచి నిలబడింది.

"తమ్మీ ఎబినేజరూ, నేను మునిగిన్నా లేదా?"

"మునిగినవ్ అక్కా. ఏడుసార్లు. అందరం సూసినం."

"మరి?"

"సూసుడు వేరు, రికార్డు వేరు."

"దయాకర్ మునిగిండా?"

ఎబినేజర్ పాస్టరయ్య వైపు చూశారు. అయ్యగారు నేల వైపు చూశారు. "మాట పూర్తిగాలేదు" అన్నారు చివరికి.

"గని ఫోటో మస్తు వచ్చింది" అన్నాడు కమిటీలో ఒకాయన.

"మల్ల తీద్దాం అక్కా" అన్నారు ఎబినేజర్. "బెన్నీ కెమెరా బాగైనంక. ఆర్నెల్లు పడ్తదంట. గప్పటి దాంక ఆ జాగ వేరేవాళ్ళు అడిగితే మాత్రం..."

పాపమ్మ చాలా మర్యాదగా అంది:

"ఆర్నెల్లు నేనుంటనో లేదో. ఒక పని జేయున్రి. నన్ను మా ఏలియా పక్కకు దించిన్నాడు, బెన్నీని డబ్బా వట్టుకొని నాకంటె ముందుగాల గుంతలకు దిగుమనున్రి. కింది నుంచి తియ్యమనున్రి. ఆ పొద్దు కదల, మెదల. చేతులు మీరే జోడిస్తరు. ముఖంల సమాధానం ఎంతగావాల్నో అంతుంటది. బుడగ అంటవా, ఒక్కటి రాదు."

దోర్కా కొంగు నోట్లో కుక్కుకుంది. పాస్టరయ్య సిగ్గుతో తల దించుకున్నారు. ఎబినేజర్ మాత్రం నవ్వలేదు, నొచ్చుకోలేదు. కలం తీశారు.

తీర్మానం ఇది: సమాధి లోపలి నుండి ఫోటోకు సంఘంలో ప్రప్రథమంగా సమ్మతించినందున శ్రీమతి పాపమ్మ గారికి భర్త పక్క చోటు శాశ్వతంగా కేటాయించడమైనది. వారి దూరదృష్టికి కమిటీ కృతజ్ఞతలు. మట్టి లోపలికి పోని డబ్బా గురించి బెన్నీ విచారించవలెను.

"ఖాయమేనా బిడ్డా?" అంది పాపమ్మ, కాగితం మీద దోర్కా వేలు పెట్టి చదువుతుంటే.

"ఖాయమే అత్తమ్మా. శాశ్వతంగ అని రాసిన్రు."

"ఇగ ఫికర్ లేదు. నడువు, బియ్యం నానవెట్టాలె."

మరుసటి ఆదివారం గోడ మీద కొత్త నోటీసు వెలిసింది. సమాధి ఫోటో బాగా రానిచో మరల తీయుటకు వీలు పడదు గనుక, విశ్వాసులు ప్రాణముండగానే ముఖ కవళికలు సాధన చేసుకోవలెనని అందులో కోరారు. ఆ పూటే ఇరవై మూడు పేర్లు వచ్చాయి. మొదటి పేరు దయాకర్‌ది. తనకు పనులు ఎక్కువ గనుక, ఫోటో మటుకు ఇప్పుడే తీసేసి మిగతా కార్యక్రమం తరువాత వీలు చూసి పెట్టుకోవచ్చునా అని ఆయన అడిగాడు. అభ్యంతరం ఏమీ కనబడటం లేదని కమిటీ తెలిపింది. ఆయన వెనక ఇరవై రెండు మంది ఉతికిన తెల్లబట్టల్లో, ఫోను అద్దంలో జుట్టు సవరించుకుంటూ నిలబడ్డారు. వరస అప్పటికే గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. మీరు రాదలచుకుంటే జర పొద్దున్నే రండి.