మందు ఏ చెరువులో

పరిశోధనను పాడుచేసేది మనిషికి ముందే తెలిసి ఉండటమేనని గుడివాడలో ఒక కమిటీ తీర్మానించింది. (సంతకాలు పెట్టే ముందు సభ్యులెవరూ ఆ తీర్మానం చదవలేదు. సూత్రానికి కట్టుబడ్డారు.)

నాగాయలంక దగ్గర జానకికి రెండు రొయ్యల చెరువులున్నాయి. రొయ్య పేగు తెల్లబడే వైట్ గట్ జబ్బుకు వచ్చిన కొత్త పొడిని కమిటీ అక్కడ పరీక్షకు పెట్టింది. ఒక చెరువు మేతలో మందు, రెండోదాంట్లో అదే రంగు పిండి. ఏది మందో తెలిస్తే రైతు ఆ చెరువును ఎక్కువ కనిపెట్టుకుని ఉంటుంది, తూకం వేసేవాళ్లకు ఆ రొయ్యే పెద్దదిగా కనిపిస్తుంది. అందుకని జానకికి చెప్పలేదు, తూకం వేసే లిఖితకూ చెప్పలేదు. ఇంతవరకు సబబే. జానకి సంతకం పెట్టింది.

డబ్బాలు నింపిన సుందరరాజుకు మాత్రం తెలుసు. అతని ముఖం చూసి ఎవరైనా కనిపెట్టేస్తారని నిష్పాక్షికతాధికారి కోదండరామయ్య గారికి అనుమానం. జవాబును కవరులో పెట్టి సీలు వేయించి, సుందరరాజును ముఖంతో సహా వేరే జిల్లాకు బదిలీ చేయించారు.

ముప్పై ఎనిమిదో రోజు ఒకటో చెరువు నీటి మీద జబ్బు గుర్తుగా రొయ్యల రెట్ట తెల్లటి దారాల్లా తేలింది. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. అది పిండి చెరువైతే మందు వేసి నిలబెట్టుకోవచ్చు. మందు చెరువే అయితే ఇక ఆశ లేదు, ఉన్న రొయ్యను వెంటనే పట్టేయాలి. డబ్బాలు మార్చి చూద్దామా పిన్నీ అంది లిఖిత. బాగున్న చెరువు కూడా పోతే ఎవరిని అడగమంటావంది జానకి. గుడివాడకు ఫోన్ చేసింది.

"ఒకటో చెరువని వేరు చేసి మాట్లాడుతున్నారంటే మీలో పక్షపాతం మొదలైందమ్మా," అన్నారు కోదండరామయ్య గారు.

"పక్షపాతం కాదండీ. రొయ్య మేత ముట్టట్లేదు."

అత్యవసరంగా కవరు తెరవడానికి దరఖాస్తు ఉందని ఆయనే పంపారు. మొదటి గడి: మందు అందని చెరువు నంబరు. ఖాళీగా వదిలితే దరఖాస్తు చెల్లదు. జబ్బు పడ్డది అదే కదా అని జానకి 'ఒకటి' అని రాసింది.

గంటలో ఫోన్ వచ్చింది.

"ఈ సంగతి మీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ. తెలిస్తే మీకు ఫోన్ చేసేదాన్నా?"

రహస్యం బయటికి పొక్కిందన్న అనుమానం మీద విచారణ వేశారు. అది తేలేదాకా కవరు ముట్టుకోకూడదు, అది సాక్ష్యం.

ఫోన్ వచ్చిన ఆరో రోజున విచారణాధికారి నాగబాబు గారు వచ్చారు. ప్రభావితం కాకుండా ఉండేందుకు చెరువుకు వీపు పెట్టి గట్టు మీద కుర్చీ వేసుకుని, ముప్పై ఒక్క ప్రశ్నలడిగారు. ఆయన వెనక చచ్చిన రొయ్యలు ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. జానకి చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

ఆమెకు ఏమీ తెలియదని విచారణలో రుజువైంది. కమిటీ అభినందించి, ఆమెను రెండో విడత పరీక్షకు కూడా ఎంపిక చేసింది. ఎంపికకు కారణం అనే గడిలో ఇలా రాశారు: ఒకటో నంబరు చెరువు ఖాళీగా ఉంది.