నలభై ప్రశ్నల సరదా

శనివారం పొద్దున కాఫీ తాగేసి, పది మంది ముసలమ్మలను ప్రశ్నలడిగి, మధ్యాహ్నం నుంచి రిపోర్టు రాసుకోవాలని పంకజాక్షి అనుకుంది.

పెద్దవయసు వాళ్లకు ఏ పనులు సరదాగా ఉంటాయో అడిగే అమెరికా ప్రశ్నావళిని ఆమె తెలుగులోకి మార్చింది. గోల్ఫ్ తీసేసి వామనగుంటలు పెట్టింది. కుక్కతో షికారు తీసేసి కపిలతీర్థం దాకా నడక పెట్టింది. మొత్తం నలభై ప్రశ్నలు. సోమవారం ఇవ్వకపోతే పరిశోధనకు గడువు తీరిపోతుంది. "అందరూ ఒకే జవాబు చెప్పిన ప్రశ్న పనికిరాదు, కొట్టెయ్యండి" అని ప్రొఫెసరు ముందే హెచ్చరించాడు.

ముసలమ్మలను పిలుచుకొచ్చే పని, ఆ పదిమందిలో ఒకరైన అత్త వరదమ్మకు అప్పగించడమే పొరపాటయింది.

"మా కోడలు ముసిలోళ్ల పేర్లు రాసుకుంటాండాది. వేలిముద్ర గూడా ఏపిస్తాదంట" అని వరదమ్మ వీధంతా చెప్పింది. వేలిముద్రంటే పింఛనేనని వీధి తేల్చుకుంది.

రోజూ కమ్మలు మెరిపించే కుప్పమ్మ ఆ పూట చెవులకు చీపురుపుల్లలు పెట్టుకొని వచ్చింది.

"పాటలు వినడం ఇష్టమా?" అని పంకజాక్షి మెల్లగా అడిగింది.

"సెవులు యాడ వినపడతాయి తల్లీ?" అంది కుప్పమ్మ వెంటనే.

కబుర్లా? మాట్లాడే దిక్కు లేదు. నడకా? కాళ్లు లేవు. పదిమందీ నలభై ప్రశ్నలకూ లేదనే చెప్పారు.

ఆదివారం పంకజాక్షి మళ్లీ అందరినీ కూర్చోబెట్టి ఒట్టేసింది. "ఇది పింఛను కాదు. కాలేజీ కాగితం. పెద్ద పెద్దవాళ్లు చదువుతారు."

దాంతో అసలుకే మోసం వచ్చింది. పెద్దవాళ్లు చదివితే ఇంటి పరువేం కావాలి? కుప్పమ్మ చెవులకు కమ్మలు తిరిగొచ్చాయి.

"రాసుకో తల్లీ. అన్నీ సేస్తా."

అమెరికా ప్రశ్న ఒకటి తీసేయడం మరిచిపోయిన సంగతి పంకజాక్షికి చదివాక గానీ తెలియలేదు. "మంచు మీద జారుతారా?"

"ఎప్పుడడిగినా మా పెద్దోడు తీసకపోతాడు."

ఈసారి పదిమందికీ నలభైకి నలభై. ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తూ పోతే కాగితంలో ఒక్క ప్రశ్నా మిగల్లేదు. పంకజాక్షికి ఏడుపొచ్చింది.

"రెండేళ్ల చదువు నాశనమైపోయింది."

కుప్పమ్మ మనసు కరిగింది. "ఏడవొద్దు తల్లీ. నీ కాయితంలో అసలుదే ల్యా. కోడలి మీద సాడీలు సెప్పేది యాడ?"

"ఛీ, ఆ పాడు పని నేను సెయ్యను" అంది పక్కనున్న అక్కమ్మ.

"నేనైతే సేస్తా. సెప్పకుంటే నాకు అన్నం అరగదు!"

అరుగు మీద గొడవ లేచింది. ఐదుగురు ఔనన్నారు, నలుగురు కాదన్నారు. జవాబులు రెండుగా చీలాయి! పంకజాక్షి కళ్లు తుడుచుకొని పెన్సిలందుకుంది. పెళ్లివంటలకు వంకలు పెట్టడం, పక్కింటికొచ్చిన చుట్టాల్ని లెక్కపెట్టడం, పనున్నప్పుడే నిద్రపోవడం... పొద్దుగుంకే లోపల ముప్పై ప్రశ్నలు తయారయ్యాయి. ఒక్కదానికీ పదిమందీ ఒకే మాట మీద లేరు.

మొదటి ప్రశ్నకు వరదమ్మ జవాబొక్కటే మిగిలింది.

"నాకా అలవాటు ల్యాదమ్మా" అందామె.

"అబ్బో! మొన్న కొళాయికాడ పంకజ పెట్టే చారు గురించి గంటసేపు సెప్పిందెవురు?" అంది కుప్పమ్మ.

వరదమ్మ దూలం వంక చూసింది. పంకజాక్షి ఆమె పేరుకెదురుగా 'తరచుగా, చాలా ఇష్టంగా' అని రాసుకొని, లోపలికి వెళ్లి మళ్లీ అదే చారు పెట్టింది.