కాటా బాబాయి ఏరి తెచ్చిన గ్రిల్లు

ఆ శనివారం పొద్దున కాటా బాబాయి పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగడం, పెరటి గట్టు మీద కూర్చుని పిన్ని కాల్చిచ్చే మొక్కజొన్న పొత్తు తినడం, మళ్ళీ పడుకోవడం. కాఫీ వరకు అంతా సవ్యంగానే సాగింది. చిక్కంతా పొత్తు దగ్గర వచ్చింది. పిన్ని గ్యాస్ గ్రిల్లు మూత తెరిచి పొత్తులు పేర్చిందో లేదో, తుప్పు పట్టిన అడుగు ఊడి, బర్నరుతో సహా అన్నీ ఆవిడ కాళ్ళ దగ్గర కుప్పగా పడ్డాయి.

పిన్ని అరవలేదు. అరిచి ఉంటే బాబాయికి అంత భయం వేసేది కాదు.

"ఇది ఎన్నోదండీ?" అని నెమ్మదిగా అడిగింది.

"ఏది?"

"మీరు ఏరి కోరి తెచ్చిన గ్రిల్లు."

"మూడోది. కానీ రెండోదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అది షాపువాడు ముందే పాడుచేసి అమ్మాడు."

"సరే. రోజూ దీని ముందు నిలబడి వండేది నేను. రేపు మధ్యాహ్నం మా తమ్ముడు వాళ్ళు భోజనానికొస్తున్నారు. అప్పటికి ఈ గట్టు మీద వానకీ ఎండకీ ఆగే గ్రిల్లు ఉండాలి. ఈసారి కూడా తుప్పు సరుకే తెచ్చారనుకోండి, ఇక ఈ ఇంట్లోకి చెంచా కొనాలన్నా మా తమ్ముడే కొంటాడు."

బాబాయి గుండె జారి లుంగీలో పడింది. చెంచా కూడానా!

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ తెలీదు. ఊరి చివర లారీలు తూచే పెద్ద కాటా దగ్గర ఉద్యోగం కాబట్టి అందరికీ కాటా బాబాయే. లోడు కింద రాళ్ళు దాచినవాణ్ణీ, ఇసుక మీద నీళ్ళు కొట్టినవాణ్ణీ, బండి కాటా మీదుండగా సీటు వెనక నక్కి పడుకున్న క్లీనర్నీ పట్టుకుని పట్టుకుని, ఆయనకి మనుషుల మీద నమ్మకం పూర్తిగా పోయింది. పొద్దున్నే అద్దంలో తన మొహం కనిపిస్తే "ఏంటలా చూస్తున్నావ్?" అని గద్దిస్తాడని పిన్ని చెబుతుంది. ఇక బావమరిది మీద అనుమానం పెళ్ళినాటిది. అప్పటికి అతను నాలుగేళ్ళవాడు. బాబాయి బిస్కెట్ ఇస్తే తీసుకుని నవ్వాడట. ఎందుకు నవ్వాడో ఇప్పటివరకు తేలలేదు.

ఆ బావమరిదినే పిన్ని తోడు పంపింది.

"బావా, గ్రిల్లు చూడటం పెద్ద విద్యేం కాదు," అన్నాడతను దారిలో. "మూత రేకు మందంగా ఉండాలి. బర్నరు మంచి స్టీలుదవ్వాలి. రేపు ఏదైనా పోతే ఆ ముక్క విడిగా దొరకాలి. ఇంతే."

"నీకివన్నీ ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి బావా? తెలిసిందేగా."

"తెలిసింది సరే. తెలిసేట్టు ఎవరు చేశారు అని."

బావమరిది ఆకాశం వైపు చూశాడు. అటు ఎవరున్నారో అని బాబాయి కూడా చూశాడు.

షాపులో మీసాల సేల్స్‌మన్ ఎదురొచ్చి ఇద్దరికీ నమస్కారం పెట్టాడు. బావమరిదికి పెట్టిన నమస్కారం అరక్షణం ఎక్కువసేపు ఉన్నట్టు బాబాయికి తోచింది. అంతే, ఇద్దరికీ లోపాయికారీగా ఏదో ఉందని తేల్చేసుకున్నాడు. బావమరిది ఒక గ్రిల్లు మూత తెరిచి, వేలితో తట్టి, "ఇది బావుంది బావా, గట్టి రేకు," అన్నాడు. అన్నాడు కాబట్టే అది పనికిరాదు. బాబాయి దగ్గర ఒకటే పరీక్ష ఉంది. బరువున్నది మన్నుతుంది, లేనిది మన్నదు. ఆయన ఒక్కో గ్రిల్లునీ చంటిపిల్లాడిలా రెండు చేతులతో ఎత్తి చూసుకుంటూ వెళ్ళాడు. ప్రతిదీ లేచింది. ప్రతిదానికీ పెదవి విరిచాడు.

చివరికి విసుగొచ్చి బయటికొచ్చాడు. గేటు పక్కన, ఎండలో ఒంటరిగా ఒక గ్రిల్లు నిలబడి ఉంది. బాబాయి వంగి పట్టుకున్నాడు. లేవలేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ పట్టాడు. ఆయన చొక్కా గుండీ ఎగిరి రోడ్డవతల పడింది గానీ గ్రిల్లు మాత్రం కదల్లేదు.

"ఇది!" అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

"అది షో కోసం పెట్టింది సార్," సేల్స్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "ఇందాక మీ బావమరిదిగారు చూసిన రకమే. లోపల కొత్త పీసు పెట్టెలో ఉంది, ఇస్తాను."

"దీన్నెందుకు దాచారు?"

"దాచలేదు సార్, గేటు దగ్గరే పెట్టాం."

"అదే నేననేది! దాచాల్సినదాన్ని అందరి కళ్ళముందూ పెట్టారంటే ఎంత తెలివి!"

"సార్, దాని కింద గిన్నెలు పెట్టుకునే అర ఉంది కదా, ఆ అరలో..."

"ఆపు! అర తలుపు తీసి చూడమంటావ్. నేను వంగి చూస్తుంటే పైన బర్నరు మార్చేస్తావ్. లారీవాళ్ళూ ఇంతేనయ్యా. 'సార్, ఆ వెనక టైరు చూడండి' అంటారు. నేనటు వంగేసరికి ఇటు ఒకడు దిగిపోతాడు. నా దగ్గరా?"

గొడవకి షాపు యజమాని బయటికొచ్చాడు. లావుపాటి మనిషి, ముక్కు మీద కళ్ళజోడు.

"పెట్టెలోది కొత్తది కదండీ, సీలు కూడా ఉంటుంది."

"సీలు వేశారంటేనే లోపల చూడకూడనిదేదో ఉందన్నమాట. నాకీ పీసే కావాలి."

"పోనీ లోపల తుడిపించి ఇస్తాం."

"ఒక్క చెయ్యి పడటానికి వీల్లేదు! మూత తెరవద్దు, తలుపు తియ్యద్దు."

"అయ్యా, ఆ అరలో..." అని సేల్స్‌మన్ యజమానికి చెప్పబోయాడు.

"నువ్వు నోరు మూసుకో," అన్నారు బాబాయీ యజమానీ ఒక్కసారే. ఆ రోజంతటిలో వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

బాబాయి జేబులోంచి తాడు తీశాడు. మూతకీ తలుపుకీ కలిపి నాలుగు చుట్లు చుట్టాడు. ముడి మీద కాగితం అంటించి, అడ్డంగా సంతకం చేశాడు. కాటా దగ్గర అనుమానపు లోడుకి ఎలా సీలు వేస్తాడో అచ్చం అలాగే. తర్వాత వ్యాను పిలిపించి, ఐదుగురి చేత ఎక్కించాడు. వ్యాను వెనక్కి ఒరిగి, ముందు చక్రాలు గాల్లోకి లేచి, డ్రైవరు కూర్చున్నాకే కిందికొచ్చాయి.

వ్యాను వెళ్ళిపోయాక యజమాని అలాగే నిలబడిపోయాడు. కొత్తది ఇస్తానంటే వద్దన్నాడు. తుడిచిస్తానంటే వద్దన్నాడు. లోపల చూడొద్దన్నాడు. తాడు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాడు. మొన్ననే షాపులో రెండు మిక్సీలు కనబడకుండా పోయాయి. యజమాని నెమ్మదిగా సేల్స్‌మన్ మీసాల వైపు చూశాడు.

"అరలో ఏదో అన్నావే? ఏముందందులో?"

"అదే చెప్పబోతుంటే..."

"ఇక్కడ చెప్పకు. వాడి ముందే చెబుదువు గాని. ఎక్కు స్కూటరు!"

వ్యానులోంచి వెనక్కి చూసిన బాబాయికి స్కూటరు కనబడింది. మీద యజమాని, వెనక సేల్స్‌మన్.

"చూశావురా? పొరపాటున మంచి సరుకు అమ్మేశామని ఇప్పుడు తెలిసొచ్చింది వాడికి. వెనక్కి లాక్కోవడానికొస్తున్నాడు. డ్రైవరూ, సందుల్లోంచి పోనీ!"

"బావా, ఇంటికేగా వెళ్ళేది..."

"ముందు కాటాకి!"

పెద్ద కాటా మీద వ్యాను ఎక్కించి, అందర్నీ దింపించాడు బాబాయి. సీటు వెనక ఎవరైనా పడుకున్నారేమోనని స్వయంగా తొంగి చూశాడు. ఖాళీ బండి బరువు బండి మీదే రాసి ఉంది. అది తీసేస్తే మిగిలింది గ్రిల్లు బరువు. గ్రిల్లు వెనకున్న రేకు మీద అచ్చు వేసిన బరువుకి అది సరిగ్గా రెట్టింపు.

"బాబాయ్, రాసినదానికి రెట్టింపుంది," అన్నాడు కాటా గదిలోని తోటి ఉద్యోగి. "లారీ ఐతే ఈపాటికి లోడంతా దింపించేవాడివి."

"అది మోసం చేసేవాళ్ళ సంగతి. ఇది తయారుచేసినవాడి మంచితనం. ఒకటి రాసి రెండిచ్చాడు మహానుభావుడు!"

తోటి ఉద్యోగి కాటా అంకె మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాడు. బాబాయి ఒక సరుకుని మెచ్చుకోవడం అతను వినడం అదే మొదలు.

ఇంటి దగ్గర గ్రిల్లు దింపేసరికి గుమ్మంలో రెండు టైల్సు పగిలాయి. పక్కింటాయన సాయం పట్టి, నడుం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. గట్టు మీదికి చేర్చి బాబాయి చెమట తుడుచుకుంటుండగా, బిల్లు మీది అడ్రసు వెతుక్కుంటూ స్కూటరొచ్చి ఆగింది.

"ఆ తాడు విప్పండి!" యజమాని రొప్పుతూ అరిచాడు.

"విప్పను! డబ్బు కట్టాను, సరుకు నాది."

"గ్రిల్లు మీదే. లోపలున్నది నాది!"

"లోపలున్నదీ గ్రిల్లేనయ్యా!"

"అయితే విప్పడానికి భయమెందుకు?"

"చూడటానికి నీకంత తొందరెందుకు?"

గోడల మీద తలలు లేచాయి. మిద్దెల మీదా లేచాయి. లోపల బంగారం ఉందని ఒకరు, కాదు పాము ఉందని ఇంకొకరు. పాము అన్నాక గోడల మీది తలలు కాస్త వెనక్కి తగ్గాయి. బాబాయి గ్రిల్లుని రెండు చేతులతో కావలించుకున్నాడు. యజమాని అటువైపునుంచి కావలించుకున్నాడు. మధ్యలో గ్రిల్లు మాత్రమే ప్రశాంతంగా ఉంది.

అప్పుడు వంటింట్లోంచి పిన్ని వచ్చింది, చేతిలో కూరగాయల కత్తితో. ఇద్దరూ ఆమడ దూరం జరిగారు. పిన్ని ఎవరితోనూ మాట్లాడకుండా సంతకం మీదుగా తాడు కోసి, అర తలుపు తీసింది.

లోపల గోనెసంచిలో శ్రద్ధగా చుట్టి, రెండు వరుసల ఇటుకలు.

అందరూ సేల్స్‌మన్ వైపు తిరిగారు.

"గాలొచ్చినప్పుడల్లా పడిపోతోందని నేనే పెట్టా," అన్నాడతను మీసం సవరించుకుంటూ. "మా అయ్యగారు ఎప్పుడూ తలుపు తీసి చూడలేదు. చెబుదామంటే ఇద్దరూ నోరు ముయ్యమన్నారు. మూశాను."

ఎవరో గోడ మీంచి, "బాబాయ్, లోడు కింద రాళ్ళు!" అని అరిచారు. నవ్వులు గుప్పుమన్నాయి. బాబాయి మొహం మాడిపోయింది. వెనక్కి తిరిగితే అక్కడ బావమరిది. నవ్వడం లేదు. పెళ్ళినాడు నవ్వినవాడు ఇప్పుడు నవ్వకపోవడం బాబాయికి మరీ అనుమానంగా అనిపించింది.

"సరేనండీ," అంది పిన్ని. "పొద్దున నేనేం చెప్పాను?"

"చెంచా..." అన్నాడు బాబాయి నీరసంగా.

కానీ పిన్ని ఆయన వైపు చూడటం లేదు. గ్రిల్లు మూత ఎత్తి, బర్నరు కిందుగా వేలు పెట్టి రాసి, వేలు చూసుకుంది. మూలమూలా తడిమింది. మళ్ళీ వేలు చూసుకుంది.

"ఏమండీ షాపాయనా, ఇది మీ గేటు దగ్గర ఎన్నాళ్ళనుంచి ఉంది?"

"రెండేళ్ళయిందమ్మా."

"పైన రేకులేమైనా వేశారా?"

"లేదమ్మా. వాన, ఎండ, దుమ్ము, అన్నీ దాని మీదే."

"ఐనా ఒక్క చుక్క తుప్పు లేదు. ఇదే ఉంచుతున్నాం."

"అక్కా, పెట్టెలోదీ ఇదే రకం. కొత్తది," అన్నాడు బావమరిది.

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. "పెట్టెలోది వాన చూసిందట్రా? ఎండ చూసిందా? రెండేళ్ళు పరీక్ష పాసైనదాన్ని ఏరి తెచ్చాను! చెంచాలు ఇక మీదటా నేనే కొంటాను!"

పిన్ని కాదనలేదు. గెలిచినవాడికి ఉండే పెద్దమనసుతో బాబాయి ఇటుకలన్నీ తనే మోసి స్కూటరు మీద పేర్చాడు. "తీసుకెళ్ళవయ్యా! పరాయి సొమ్ము నా గుమ్మంలో ఉంచుకోను!" యజమాని ఒక్కో ఇటుకా తిప్పి చూసుకుని, సేల్స్‌మన్ ఒళ్ళో కొన్ని పెట్టి, వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం బావమరిది వాళ్ళొచ్చి గట్టు మీద కూర్చున్నారు. పిన్ని గ్రిల్లు మూత తెరిచింది. ఇంకా గ్యాస్ ట్యూబు తగిలించలేదు. చేపముక్కలు తేవడానికి లోపలికెళ్ళింది. అప్పుడే గాలి లేచింది. తెరిచిన మూత తెరచాపలా గాలి పట్టింది. గ్రిల్లు ఒకసారి ఊగి, కాళ్ళకున్న చిన్న చక్రాల మీద కదిలి, గట్టంతా దొర్లుకుంటూ పోయి, బావమరిది కాళ్ళ మధ్యలోంచి దూసుకెళ్ళి, నీళ్ళతొట్టిలో బోర్లా పడింది.

అందరూ పరిగెత్తి లేవనెత్తారు. గ్రిల్లుకి సొట్ట కూడా పడలేదు.

"చూశావా ఎంత గట్టిదో!" అన్నాడు బాబాయి.

"గట్టిదే. కానీ నిలబడదు," అంది పిన్ని, చేపల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోంచే. "వెళ్ళి ఆ ఇటుకలు పట్టుకురండి."

"మీ తమ్ముణ్ణి పంపరాదూ?"

"వాడెందుకూ? ఏరి తెచ్చింది మీరేగా."

బాబాయి తల వంచుకుని షాపుకెళ్ళాడు. గేటు దగ్గర ఇప్పుడు కొత్త గ్రిల్లు నిలబెట్టి ఉంది. దాని అరలోనే పాత ఇటుకలున్నాయి. బాబాయి గొంతు సవరించుకుని, నిన్నటి ఇటుకలు కావాలని, ఎంతైనా ఇస్తానని, కొత్తవి వద్దని, అవే కావాలని అడిగాడు.

యజమాని కళ్ళజోడు సవరించుకుని ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత సుత్తి తెప్పించి, ఒక ఇటుక పగలగొట్టి లోపల చూశాడు.