క్రీస్తురాజు ఫోటోకి దండ

తలుపు తోసి చర్చి హాల్లో అడుగుపెట్టిన కరుణకుమారికి, నిన్నటిదాకా బోడిగా ఉన్న గోడ మీద తన భర్త ఫోటో కనిపించింది. ఫోటోకి నిండుగా చామంతి దండ, దాని ముందు వెలుగుతున్న కొవ్వొత్తి.

చేతిలో చీపురు జారిపోయింది. హాలు ఊడ్చి, త్వరగా ఇంటికెళ్ళి ఇడ్లీ పెట్టాలన్నది ఆ పొద్దుటి ఆలోచన. భర్త క్రీస్తురాజు చీకటితోనే నడకకని బయల్దేరాడు. ఫోన్ మంచం మీదే వదిలేశాడు. అలా ఎప్పుడూ వదలడు.

ఆ ఫోటో వాళ్ళింటి ముందు గదిలోది. ఎవరు తీశారు? బతికున్న మనిషికి దండ వేసేంత పగ ఎవరికి?

వెతికినా పగవాడు దొరకడు. బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేసి రిటైరైన క్రీస్తురాజు నర్సీపట్నంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఏమన్నా తననే అనుకునేవాడు. కొయ్యూరు బస్సు ఘాట్‌లో ఆగిపోతే "తప్పు నాదే" అనేవాడు. పప్పులో ఉప్పెక్కువైతే, వండిన భార్య కంటే ముందే ఒప్పేసుకునేవాడు. ఒకసారి రోడ్డు పక్కన నిలబడి ఉంటే ఆటో వచ్చి గుద్దింది. లేచి, డ్రైవరుకి క్షమాపణ చెప్పి ఇంటికొచ్చాడు.

అసలు ఆ గోడ కూతురు జెన్నీది. విశాఖలో చిత్రకళ చదివి వచ్చిన జెన్నీ, చర్చి హాలు అడిగి తీసుకుని తన మొదటి ప్రదర్శన పెట్టింది. గోడ నిండా మేకులు, కింద పొడవాటి బల్ల, ఎదురుగా ఒక కుర్చీ. వచ్చినవాళ్ళు తమ ఫోటో తామే తగిలించి, ముందు ఒక్క పువ్వు పెట్టి, కుర్చీలో కూర్చోవాలి. "స్నేహితుడు కుంగిపోతే ఏం చెబుతావో, ఈ రోజు అది నీకు చెప్పుకో" అని గుమ్మం మీద రాసి పెట్టింది.

వచ్చినవాళ్ళు గుమ్మం దాకా వచ్చారు, చదివారు, వెళ్ళిపోయారు. బతికుండగా ఫోటో ముందు పువ్వేటని వాళ్ళ జంకు. ఈ రోజు మధ్యాహ్నం లోపు ఒక్క ఫోటో కూడా పడకపోతే హాలు ఖాళీ చెయ్యాలన్నాడు సంఘం ప్రెసిడెంటు దయాకర్ బాబు. ఆ కబురు ఇంటికి మోసుకొచ్చింది, సంఘం సెక్రటరీ అయిన క్రీస్తురాజే. "సొంత ఊళ్ళోనే ఎవరూ ముట్టుకోలేదంటే ఇంకెక్కడ పెట్టుకుంటానమ్మా?" అని జెన్నీ రాత్రి అన్నం తినలేదు.

కరుణకుమారి కళ్ళు తుడుచుకుంటూ ఉండగా, చర్చి గంట కొట్టే బెన్హర్ గుమ్మంలోకి వచ్చాడు. ఫోటో చూశాడు, దండ చూశాడు, ఆమె కళ్ళు చూశాడు. అలాంటప్పుడు ఆడమనిషిని ఏమైందని అడగడం మర్యాద కాదు. చెప్పులు విప్పి, తల వంచుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ప్రార్థన చేసుకున్నాడు కాబోలనుకుంది ఆమె.

బయట బెన్హర్‌కి పెద్ద చిక్కొచ్చి పడింది. సెక్రటరీ మాట లేనిదే చావు గంట కొట్టకూడదు. ఆ సెక్రటరీయే పోతే ఎవరినడగాలి? ఆలోచించి ఆలోచించి, బాధ్యత తనే తీసుకుని తాడు లాగాడు.

గంట ఆగి ఆగి మోగింది. కరుణకుమారికి ప్రాణం లేచొచ్చింది. గంట మోగిందంటే భర్త ఇక్కడే ఎక్కడో ఉండి చెప్పి ఉంటాడు. గబగబా బయటికెళ్ళింది.

"బెన్హరూ, ఎవరు పోయారు?"

బెన్హర్ ఆమె మొహం చూడలేక, వేలెత్తి హాల్లో ఫోటో వైపు చూపించాడు.

ఆమె మెట్ల మీద కూలబడిపోయింది. ఆమెను చూసి బెన్హర్ నమ్మినది, బెన్హర్‌ను చూసి ఆమె నమ్మింది. ఆ పైన ఇద్దరినీ చూసి ఊరంతా నమ్మింది.

జెన్నీ పరుగెత్తుకొచ్చి తల్లిని పట్టుకుని ఏడ్చింది. జనం పువ్వులు పట్టుకుని వచ్చారు. శరీరం అనకాపల్లి ఆసుపత్రిలో ఉందని ఒకరన్నారు, విశాఖ తీసుకెళ్ళారని మరొకరన్నారు. బాగుండదని ఎవరూ గట్టిగా అడగలేదు. గొలుగొండ నుంచి చెరకు రైతు నారాయణమూర్తి, క్రీస్తురాజు పాత స్నేహితుడు, కోత మధ్యలో వదిలేసి వచ్చాడు.

"ఎవర్నీ ఏటీ అనీవోడు కాదు," అన్నాడు కండువాతో ముక్కు తుడుచుకుంటూ. "తిట్లన్నీ తనకే దాసుకునీవోడు. ఒక్కపాలైనా తన మీద తాను జాలిపడి ఉంటే, ఇంకో పదేళ్ళు బతికీవోడు."

దయాకర్ బాబు జెన్నీ తల నిమిరాడు. "హాలు సంగతి నువ్వు మనసులో పెట్టుకోకమ్మా. సామాన్లు మేమే తీయించేస్తాం."

అప్పుడు వెనక నుంచి తెల్ల చొక్కాలో ఒక మనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"నా మాట లేకుండా గంట ఎవుడు కొట్టినాడు? సరే, అది తరవాత. పోయింది ఎవరో బేగి సెప్పండి. గొయ్యి తవ్వడానికి మనుషుల్ని పురమాయించాల."

చేతుల్లో పువ్వులతో జనం రెండడుగులు వెనక్కి వేశారు. చివరికి నారాయణమూర్తే అన్నాడు.

"నువ్వేనయ్యా."

"అయ్యో," అన్నాడు క్రీస్తురాజు అలవాటుగా. "తప్పు నాదే."

కరుణకుమారి లేచి వచ్చి ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుంది. "ఫోనెందుకు వదిలేసినారండీ?" అని ఒక్క మాట అని, మళ్ళీ ఏడ్చింది. నారాయణమూర్తి తన కండువా పిండి చూపించాడు. "ఇదంతా దండగేనేటి?"

దయాకర్ బాబుకి మాత్రం కోపం ఆగలేదు. "బతికున్న మనిషికి దండేసింది ఎవరు? ఈ మేకుల గోడ లేకపోతే ఇదంతా జరిగేదా? మధ్యాహ్నం దాకా ఎందుకమ్మా, ఇప్పుడే ఖాళీ చేసీ."

అందరూ బెన్హర్ వైపు చూశారు. "నాకు గంటొక్కటే తెలుసండి," అన్నాడు బెన్హర్.

వెనకే అందరూ వస్తుండగా జెన్నీ హాల్లోకి నడిచి, ఫోటో దించడానికి మేకు మీద చెయ్యి వేసింది.

"ఉండమ్మా, తియ్యకు," అన్నాడు క్రీస్తురాజు. ఫోటోకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, మెడ తుడుచుకుని, నేల చూస్తూ మొదలుపెట్టాడు.

"నానే. ఫోటో తెచ్చింది నానే, దండేసింది నానే. మధ్యలో ఎవరూ పిలవకూడదని ఫోన్ ఇంట్లో వదిలీసినాను. ఒక్క పువ్వు సాలని అమ్మాయి సెప్పింది. పూలమ్మే లోవలక్ష్మినడిగితే, బోణీ ఏళ విడిపువ్వు అమ్మను, దండ తీసుకో అంది. హాల్లో కరెంటు లేదు. నా మొహం నాకే అవుపడక కొవ్వొత్తి ఎలిగించినాను. అమ్మాయి గోడ బోడిగా ఉండకూడదనే పెట్టినానని మీకు సెప్దామనుకున్నాను. అదొక్కటే అయితే పెట్టేసి ఎల్లిపోదును. ఈ కుర్చీలో కూకుండిపోయినాను. 'క్రీస్తురాజూ, పోనీలేరా, అన్నీ నీవల్లే జరగవు' అనుకున్నాను. బాగుంది. ఇంకోపాలి అనుకున్నాను. తెల్లారిపోతందని సిగ్గేసి, కొవ్వొత్తి ఆర్పకుండా ఊరవతల దాకా లగెత్తినాను. కాబట్టి ఈపాలి నిజంగానే తప్పు నాదే. అయినా పోనీలెండి. పువ్వులు మీ సేతుల్లో ఎలాగూ ఉన్నాయి, పర్సుల్లో పాస్‌పోర్టు సైజు ఫోటోలుంటాయి. ఎవరి ఫోటో ముందు వాళ్ళు ఒక్కోటి పెట్టుకోండి. దండలు మాత్రం ఒద్దు."