పాయింట్లాయన బంగారు కార్డు

ఇప్పటికీ నెత్తిమీద విమానం చప్పుడు వినిపిస్తే పాయింట్లాయన తల దించుకుంటాడు. పక్కనున్నవాళ్ళు ఆకాశంలోకి చూస్తుంటే ఈయన తన చెప్పుల వంక చూస్తుంటాడు. ఎందుకో చెబుతాను గానీ, విన్నాక ఆయన ముందు మాత్రం నవ్వకండి. మనిషి ఇప్పటికే సగమయ్యాడు.

ఆయనది లిఫ్టుల తనిఖీ ఉద్యోగం. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టుల తాళ్ళూ బ్రేకులూ చూసి సంతకం పెట్టాలి. నెలకి రెండు మూడుసార్లు ఆఫీసు ఖర్చు మీద విమానం ఎక్కేవాడు. ఎక్కిన ప్రతిసారీ పాయింట్లు వస్తాయనీ, వాటిని పోగేస్తే ఉత్తినే తిరగొచ్చనీ ఎనిమిదేళ్ళ కిందట ఎవరో చెవిలో వేశారు. అంతే, ఆయనకి పూనకం వచ్చింది. నాలుగు విమాన కంపెనీల గుణగణాలు పెద్ద చార్టు మీద గీసి, ఫ్రిజ్జు తలుపుకి అంటించి, మూడు నెలలు పరిశోధన చేశాడు. ఆ మూడు నెలలూ ఇంట్లో ఎవరికి చల్లటి నీళ్ళు కావాలన్నా చార్టు చిరగకుండా తలుపు తీయడం నేర్చుకోవాల్సి వచ్చింది.

"నీకు సంబంధం చూసినప్పుడు కూడా మేమింత వాకబు చెయ్యలేదురా," అంది ఆయన తల్లి.

"అందుకేగా అత్తయ్యా, నేను దొరికిపోయాను," అంది ఆయన భార్య, మిషన్ మీంచి తలెత్తకుండా. ఆమె ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది.

చివరికి ఒక కంపెనీలో చేరాడు. ఇక అక్కణ్ణించి ఆయన చేసినవి అన్నీ ఇన్నీ కావు. బస్సులో మూడు గంటల్లో చేరే ఊరికి రెండు విమానాలు మారి పదకొండు గంటల్లో చేరాడు. ఫలానా దుకాణంలో కొంటే పాయింట్లు వస్తాయని సబ్బులు కొన్నాడు, రెండు అట్టపెట్టెలు. ఆ ఇంట్లో అందరూ మూడేళ్ళుగా ఒకే వాసన వేస్తున్నారు.

ఇంత చేసినా భార్య మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఆమె అక్క రైల్లో రోజున్నర దూరంలో ఉంటుంది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని మూడేళ్ళు దాటింది.

"ఏమండీ, అక్కకి మోకాలి ఆపరేషనయి నాలుగు నెలలైంది. రైలుకి టికెట్టు తియ్యనా?"

"రైలా! నా భార్యవై ఉండి రైలా?"

"నడిచి వెళ్ళమంటారా మరి?"

"ఆగవే. మొదటిసారి విమానం ఎక్కడమంటే మాటలా? ముందు వరసలో, కిటికీ పక్కన కూర్చోబెడతా. పైకి లేచేటప్పుడు కొంచెం భయమేస్తుంది, నా చెయ్యి పట్టుకుందువుగాని. ఇంకొన్ని పాయింట్లు రావాలి."

"ఎన్ని?"

"కొన్ని."

ఆ 'కొన్ని'కి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఈలోగా ఆమె నొచ్చుకోకుండా, వెళ్ళిన ప్రతిసారీ విమానంలో ఇచ్చే రెండు బిస్కెట్ల పొట్లం తినకుండా దాచి తెచ్చి చేతిలో పెట్టేవాడు. విమానం గురించి ఆమెకి తెలిసిందల్లా ఆ బిస్కెట్ల రుచే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కంపెనీ పంపే మెసేజీల గోల తనకెందుకని, చేరిన రోజు ఫారంలో భార్య ఫోన్ నంబరు రాశాడు. తనకి అవసరమైనప్పుడు "ఏమే, నంబరు వచ్చిందా?" అని అరిచేవాడు. ఆమె మిషన్ ఆపి, ఫోన్లో వచ్చిన ఆరంకెలూ చదివి, మళ్ళీ కుట్టుకునేది. ఆ ఆరంకెలు తప్ప మిగతా మెసేజీల్లో ఏముంటుందో ఆయన ఏనాడూ అడగలేదు.

"ఏమండీ, నెలాఖరులోగా వాడకపోతే పాయింట్లన్నీ మురిగిపోతాయట. మెసేజీ వచ్చింది."

"అలా బెదిరిస్తూనే ఉంటారు. కంగారు పడకు."

వారం తర్వాత మళ్ళీ అంది. "మళ్ళీ వచ్చిందండీ."

"విమానాల సంగతి నాకొదిలెయ్. నీ కర్టెన్లలో నేను వేలు పెడుతున్నానా?"

"లేదండీ," అని ఊరుకుంది. అలా ఊరుకున్న ఆడమనిషిని చూసి భయపడాలని ఆయనకి పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా తెలియలేదు.

అసలు అప్పుడాయన బుర్రంతా బంగారు కార్డు మీద ఉంది. తరచూ తిరిగేవాళ్ళకి కంపెనీ ఇచ్చే కార్డది. అది చూపిస్తే వేరే వరస, పెట్టెకి తోలు బిళ్ళ, ఎంత తిన్నా అడగని విశ్రాంతి గది. అయితే నెలాఖరులోగా ఇంకో రెండు ప్రయాణాలు చెయ్యకపోతే కార్డు పీకేస్తారు. ఆఫీసులో చూస్తే తనిఖీలేమీ లేవు. దాంతో సొంత డబ్బుతో ఏదో ఒక ఊరికి ఎగిరి, దిగి, అదే విమానంలో తిరిగొచ్చేద్దామని పథకం వేశాడు.

అన్నిటికన్నా చవకైన టికెట్టు ఏ ఊరికి దొరికిందో తెలుసా? భార్య అక్క ఉండే ఊరికే! ఆమెని తీసుకెళ్ళకుండా, ఆమెకి చెప్పకుండా, ఆ గడప దాకా వెళ్ళి వెనక్కి రావడమా అని సిగ్గేసింది. సిగ్గేసినా టికెట్టు కొన్నాడు. ఆరంకెల అవసరం రాకుండా ట్రావెల్స్ దుకాణానికి వెళ్ళి మరీ కొని, తన తెలివికి తనే మురిసిపోయాడు. సభ్యత్వం నంబరు మాత్రం ఇచ్చాడు. ఇవ్వకపోతే ప్రయాణం లెక్కలోకి రాదు కదా!

"శుక్రవారం తనిఖీ ఉంది. సాయంత్రానికి వచ్చేస్తా."

"ఏ ఊరండీ?"

"ఏదో ఊర్లే. నాలుగు లిఫ్టులు."

"జాగ్రత్తగా వెళ్ళిరండి," అని ఆమె నవ్వింది. ఎంత మంచి భార్య అనుకుని, ఆ నవ్వు మోసుకుని బయల్దేరాడు.

విశ్రాంతి గది గిట్టుబాటు కావాలని మూడు గంటల ముందే విమానాశ్రయం చేరాడు. కౌంటరు దగ్గర కార్డు తళుక్కుమనిపించి, "ముందు వరసలో ఏమైనా..." అని గొంతు తగ్గించాడు.

"అయ్యో, ఉన్న రెండూ మొన్ననే ఎవరో పాయింట్ల మీద తీసుకున్నారు సార్. మీకు ముప్పై ఒకటి బి," అంది అమ్మాయి.

"ఎవరో గడుసువాళ్ళే," అన్నాడు పాయింట్లాయన, ఒకింత అసూయగా.

విశ్రాంతి గదిలో మూడో ప్లేటు వదల్లేక అందరికన్నా చివర విమానం ఎక్కాడు. ఎక్కి రెండడుగులు వేశాడో లేదో, ముందు వరసలో కాళ్ళు బారజాపుకుని, మొహం మీద వేడి తువ్వాలు వేసుకున్న ఒక పెద్దావిడ ఆ తువ్వాలు తీసింది. ఆయన తల్లి!

"ఒరేయ్! నువ్వేంట్రా ఇక్కడ? ఏదో ఊళ్ళో లిఫ్టులన్నావు!"

ఆవిడకి చెవుడు. అందువల్ల చివరి వరస దాకా వినిపించింది. ఆవిడ పక్కన, కిటికీ దగ్గర, ఆయన భార్య. పెళ్ళిళ్ళకి మాత్రమే కట్టే చీర కట్టుకుంది.

"అ... అదేనమ్మా... దారిలో..."

"విమానానికి దారిలో లిఫ్టులేంట్రా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకాల ఒకాయన "నడవండి సార్" అని విసుక్కున్నాడు. భార్య మాత్రం శాంతంగా, "వెళ్ళండి, వెనకవాళ్ళు ఆగిపోయారు. మీది ముప్పై ఒకటి బి కదా," అంది.

సీటు నంబరు కూడా తెలుసు! అప్పుడు వెలిగింది ఆయనకి. దుకాణంలో ఇచ్చిన సభ్యత్వం నంబరు, దాని వెనక ఆమె ఫోన్ నంబరు. టికెట్టు కొన్న క్షణాన మెసేజీ వెళ్ళి మిషన్ పక్కన వాలింది. ఆమె అది చదివి, మురిగిపోబోతున్న పాయింట్లతో అదే విమానంలో రెండు సీట్లు తీసింది. ఆరంకెలూ తనే చదువుకుంది. ఇవాళ కౌంటర్లో ఇచ్చిన సీటు నంబరూ ఆ ఫోన్‌కే వెళ్ళింది.

మిగతా ముప్పై వరసలూ తల వంచుకునే నడిచాడు. ఇద్దరు లావాటి మనుషుల మధ్య ఇరుక్కుని రెండు గంటలు కూర్చున్నాడు. విమానం పైకి లేచేటప్పుడు ఆమెకి ఎలా ఉందో అని మెడ చాచి చూశాడు. మధ్యలో తెర అడ్డం. అది కూడా కర్టెనే.

కాసేపటికి విమానంలోని అమ్మాయి వచ్చి ఆయన చేతిలో ఒక పొట్లం పెట్టింది. "ముందు వరసలో మేడమ్ గారు ఇమ్మన్నారు సార్. మీకోసం తినకుండా దాచారట."

రెండు బిస్కెట్లు. ఎనిమిదేళ్ళుగా తను ఇంటికి మోసిన పొట్లమే. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తన బతుకు మీద తనకే అసహ్యం వేసి, దిగేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

బయట ఆమె పెట్టె పక్కన నిలబడి ఉంది. అత్తగారు కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుతోంది.

"తప్పయిపోయిందే," అన్నాడు.

"పైకి లేచేటప్పుడు నిజంగానే భయమేసిందండీ. మీరు చెప్పారు కదా అని, మీ చెయ్యి అందుతుందేమోనని చూశాను. అత్తయ్య చెయ్యి దొరికింది." కోపంగా కాదు, ఉన్నదున్నట్టు చెప్పింది. కోపంగా అన్నా బాగుండేదనిపించింది ఆయనకి.

మైకులో తిరుగు విమానం పిలుపు మొదలైంది.

"వెళ్ళండి, కార్డు పోతుంది."

"పోతే పోనీ. నేనూ మీ అక్క దగ్గరికి వస్తా."

"వస్తారనే ఆదివారం తిరుగు ప్రయాణానికి మూడు సీట్లు తీశాను. పాయింట్లు అయిపోయాయి, అన్నీ వెనక వరసలోనే. కిటికీ నాది."

"ఒకవేళ నేను రాకపోయుంటే?"

"మీ సీట్లో సామాను పెట్టుకునేవాళ్ళం."

ఆదివారం ముగ్గురూ చివరి వరసలో కూర్చున్నారు. విమానం పరుగందుకోగానే పాయింట్లాయన ఎనిమిదేళ్ళ బాకీ తీర్చేవాడిలా గంభీరంగా చెయ్యి చాచాడు. ఆమె కిటికీలోంచి చూపు తిప్పకుండా, "ఇప్పుడేం భయం లేదండీ, అలవాటైపోయింది," అంది.

చాచిన చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉంది. ఇటుపక్క నుంచి తల్లి దాన్ని గట్టిగా పట్టుకుంది.

"నాకుందిరా," అంది.